సూది ఎత్తిన చోట

నా మాట ఎవరూ పట్టించుకోరన్న సంగతి నాకు కొత్తగా తెలిసింది కాదు. బందరులో ఇంగ్లీషు సంగీతం విన్న పాత బృందం గురించి మొన్నామధ్య ఎవరో ఒక చిన్న పుస్తకం వేశారు. జానీ రికార్డింగ్ షాపులో ఆదివారాలు ఎవరెవరు కూర్చునేవాళ్లో, ఎవరు ఏ రికార్డు పట్టుకొచ్చారో, చివరికి టీ ఏ హోటలు నుంచి వచ్చేదో కూడా అందులో రాశారు. నా పేరు లేదు. ఆ షాపులో గోడవారగా ఉన్న ఒక కాలు సడలిన స్టూలు మీద మూడేళ్లు కూర్చున్నవాణ్ని నేను. పుస్తకం వేసినాయనకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. అదీ అంతే. జానీకి మూడు రాశాను. అతనికి తెలుగు చదవడం రాక కాదు, నా దస్తూరీ అర్థం కాకా కాదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేచోట రాస్తున్నాను.

విషయం ఒక క్యాసెట్టు. మా మేనమామ మనవరాలు, నాకు మేనకోడలు వరసయ్యే శిరీష గుడివాడలో పళ్ల డాక్టరు. మా అమ్మ కుట్టుమిషను ఆ పిల్ల దగ్గరే ఉంది. రెండు నెలల కిందట మిషను బాగుచేయించడానికి సొరుగు లాగితే బాబిన్ల కింద, దారపుండల కింద ఆ క్యాసెట్టు కనిపించిందట. ఫోన్ చేసి, "మావయ్యా, దీనిమీద 'కోడూరుకి' అని రాసుంది, నీదేనా?" అని అడిగింది. చేతిలో ఉన్న గ్లాసు కిందపెట్టాను. ఆ అక్షరాలు జానీవి. నన్ను పేరుతో ఒక్కసారీ పిలిచిన పాపాన పోలేదు. కోడూరు అవతలి నుంచి వచ్చానని కోడూరు అనే పిలిచేవాడు.

కోడూరు అవతల మా ఊరు సముద్రానికి ఎంత దగ్గరంటే, చలికాలం పొద్దున్నే గోడమీద నాలిక పెడితే ఉప్పు తగిలేది. డెబ్బై ఏడులో వచ్చిన ఆ ఉప్పెన గురించి చాలామంది చాలా రాశారు. అక్కడ లేనివాళ్లు ఇంకా బాగా రాశారు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్కే. పొద్దుటి నుంచి ఈశాన్యపు గాలి కొడుతుంటే అందరం రైసుమిల్లు మేడమీద చేరాం. తవుడు వాసన, తడిసిన గోనెసంచుల వాసన. మధ్యాహ్నం భోజనాల వేళకి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోవడం. చూరు నుంచి నీళ్లు కారే చప్పుడు ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టగలిగేంత నిశ్శబ్దం. పెద్దవాళ్ల మొహాలు విచ్చుకున్నాయి. మా నాన్న పంచె ఎగగట్టి, "గేదెల పలుపులు విప్పేసి వస్తా. పిల్లాడి అన్నం అయ్యేలోపు ఇక్కడుంటా" అని మెట్లు దిగాడు. నేను అన్నం తింటూనే ఉన్నాను. అప్పుడు గాలి మళ్లీ మొదలైంది, ఈసారి దక్షిణం నుంచి. దూరంగా ఒకే శ్రుతిలో, తంబురా మీటి వదిలేసినట్టు సన్నగా మొదలై, పెరుగుతూ పెరుగుతూ, సముద్రాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. తుపాను మధ్యలో ఒక ఖాళీ ఉంటుందని, అది ఆగడం కాదని, ఆ తర్వాత బడిలో చెప్పారు. మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

అమ్మా నేనూ గుడివాడలో మేనమామ ఇంటికి చేరాం. మావయ్య కాలవ లాకుల దగ్గర లస్కరు, పడవ వస్తే తలుపులు మూసి, నీళ్లు నింపి పై మట్టానికి ఎక్కించడం ఆయన పని. ఆయన ఖాకీ చొక్కాకి ఎప్పుడూ గ్రీజు వాసన, ఒండ్రు వాసన కలిసి ఉండేవి. ఇంటికి రాగానే చొక్కా పెరట్లో మేకుకి తగిలించి, కాళ్లు కడుక్కుని, అత్తయ్య పెట్టిన మినపరొట్టె వేడివేడిగా తింటూ, ఆ రోజు ఏ పడవ ఎంతసేపు లాకులో ఆగిందో చెప్పేవాడు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రూలు ఉండేది, ఎవరూ పైకి అనేవారు కాదు. ఇంట్లో చప్పుడు ఆగకూడదు. రేడియో పొద్దున పెడితే పడుకునేదాకా ఆపేవాళ్లం కాదు. స్టేషను మూసేసినా గరగర వినిపిస్తూనే ఉండాలి. కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే అమ్మ కుట్టుమిషను మీద నుంచి లేచి, తలుపు దగ్గరకెళ్లి గడియ మీద చెయ్యివేసి నిలబడేది. ఎవరినీ బయటికి పోనిచ్చేది కాదు. మావయ్య, "అక్కా, కరెంటు పోయిందే" అని మెల్లగా చెప్పేవాడు. "తెలుసురా" అనేది. గడియ మీద చెయ్యి మాత్రం తీసేది కాదు. మళ్లీ ఫ్యాను తిరిగితేనే ఊపిరి వదిలేది.

ఆ ఇంట్లో పెరిగినవాడికి సంగీతం ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు. బందరు కాలేజీకి రోజూ పాసింజరు బండిలో వెళ్లేవాణ్ని. జానీ షాపు కోనేరు సెంటర్లో. వాళ్లన్నయ్య ఓడల్లో ఎలక్ట్రీషియను. ఏ రేవులో ఏ రికార్డు దొరికితే అది తెచ్చేవాడు, పేరూ ఊరూ చూసేవాడు కాదు. అట్ట బాగుంటే చాలు. మేం ఖాళీ క్యాసెట్టు ఇస్తే జానీ రికార్డులోంచి నింపి ఇచ్చేవాడు. షాపులో రెండు రికార్డు ప్లేయర్లు. ఒక చేత్తో ఒక మీట దించుతూ రెండో చేత్తో ఇంకో మీట పెంచుతూ ఒక పాటలోంచి ఇంకో పాటలోకి తీసుకెళ్లేవాడు. అతుకు కనపడేది కాదు. అది అతని గొప్ప. ఇంకో గొప్ప ఏంటంటే టేపు ఖాళీగా వదలకపోవడం. వైపుకి అరగంట. పాట ఇరవై నాలుగు నిమిషాలకే అయిపోతే మిగిలిన ఆరు నిమిషాల్లో చేతికందిన రికార్డు ఏదైనా పోసేవాడు. బందరు, పెడన, గుడివాడ ఎక్కడైనా అప్పట్లో రికార్డింగ్ షాపుల పద్ధతి అదే. ఖాళీ టేపు తిరిగితే గిరాకీ తిరిగొచ్చి తిడతాడు. లేబులు మీద మాత్రం మొదటి పాట పేరే రాసేవాళ్లు.

నా క్యాసెట్టు ఆ విధంగా వచ్చింది. మొదటి వైపంతా ఒకే పాట అని చెప్పి ఇచ్చాడు. మొదట ఆర్గను మీద చిన్న బాణీ, పసిపిల్లలకు పాడేదంత చిన్నది. తర్వాత గిటారు, తర్వాత ఏడు లెక్కలో పరిగెత్తే డ్రమ్ములు. ఆ బాణీనే పైకెత్తి, కిందికి దించి, ముక్కలు చేసి, ఎక్కడెక్కడో తిప్పుతాడు. ఇరవై రెండో నిమిషం దగ్గర అంతా కలిసి ఒక్కసారిగా మీదపడి, ఆగిపోతుంది. పూర్తి నిశ్శబ్దం. ఆ తర్వాత, ఎక్కడో దూరం నుంచి, ఒకే శ్రుతిలో సన్నటి హోరు. పెరుగుతుంది. అందులో వెనక్కి తిప్పిన గొంతులు, నీళ్లలో మునిగి మోగుతున్నట్టుండే గిటారు. మొదలూ లేదు, చివరా లేదు. టేపు అయిపోయి మీట టక్కున పైకి లేచేదాకా అదే.

మొదటిసారి విన్నప్పుడు మంచం మీద వీపు గోడకి ఆనించి కూర్చున్నాను, మళ్లీ లేవలేకపోయాను. ఎవరో పరాయి దేశంవాడు, మా రైసుమిల్లు మేడ ఎక్కి, మా మధ్యాహ్నాన్ని ఉన్నదున్నట్టు వాయించాడనిపించింది. మరి మళ్లీ ఎందుకు విన్నావని అడగొచ్చు. అమ్మ కూడా అడిగింది. ఆమెకి చెప్పలేదు. ఆ నిశ్శబ్దం వచ్చిన ప్రతిసారీ, ఈసారైనా తర్వాత వేరేది వస్తుందేమోనని వినేవాణ్ని. క్యాసెట్టులో మారదని తెలుసు. అయినా వందసార్లు విన్నాను.

ఒకసారి మావయ్య భోంచేసి పడక్కుర్చీలో వాలి, మొదటి నుంచీ విన్నాడు. ఆయనకు సంగీతం ఒక్క ముక్క రాదు. సగంలో, "ఇదేదో లాకుల్లో పడవలాగుందిరా. తలుపు మూశాడు, నీళ్లు నింపాడు, పైకెక్కించాడు. భలే లెక్కగా ఉంది" అన్నాడు. హోరు మొదలయ్యాక చుట్ట పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు. "ఇది కాదురా. ఇంత లెక్కగా నడిపినవాడు చివర ఇట్టా వదిలేస్తాడా? ఎక్కడో గండి పడింది, చూసుకో." నాకు కోపం వచ్చింది. "నీకేం తెలుసు మావయ్యా, నీ లాకులు నువ్వు చూసుకో" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను తప్పు ఒప్పుకోవాల్సిన చోట్లలో ఇది మొదటిది.

రెండోది జానీ షాపులో. ఆదివారం వచ్చే బృందంలో ఇంగ్లీషు లెక్చరరు గారొకాయన ఉండేవారు. నా గొడుగు తీసుకెళ్లి తిరిగివ్వని మనిషి. ఆయన ముందు నేను ఆ పాట గురించి గొప్పగా చెప్పాను. చివర్లో ఎంత భయం పెట్టాడో, భయంతోనే ఎలా వదిలేశాడో చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ విన్నారు.

"అలా ముగియదే అది. మద్రాసులో విన్నాను నేను. మొదట్లో వచ్చిన చిన్న బాణీయే ఆఖరున తిరిగొస్తుంది."

"రాదండీ. వందసార్లు విన్నాను."

"మీరు చెప్పే హోరు సైకడెలిక్ వాళ్లదండీ. ఇది ప్రోగ్రెసివ్ రాక్. వీళ్లు అలా వదిలేసే రకం కాదు."

"రెండూ ఒకటేగా! అదే ఆర్గను, అదే ఎకో, అదే జుట్టు!"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. "పుట్టిల్లు ఒకటేనండీ, కాదనను. సైకడెలిక్ వాయించినవాళ్లే కొందరు ప్రోగ్రెసివ్‌లోకి వచ్చారు. కానీ ఏం కావాలనేది వేరు. సైకడెలిక్ వాడికి మీ బుర్ర కావాలి. ఒకే శ్రుతి పట్టుకుని, టేపు వెనక్కి తిప్పి, చప్పుడు మీద చప్పుడు పోసి, మీకు టైము తెలీకుండా చేస్తాడు. అందులో మీరు ఎక్కడ దూరినా అదే, ఎక్కడ లేచొచ్చినా అదే. ప్రోగ్రెసివ్ వాడు కట్టడం కడతాడు. లెక్క మారుస్తాడు, భాగాలు వేస్తాడు, మొదట్లో వేసిన ముడి చివర విప్పుతాడు. ఆ చివర తీసేశారనుకోండి, ముందంతా దండగ."

"ఈ పాటలో విప్పలేదండీ, అదే నేను చెప్పేది."

అప్పుడు వెనక నుంచి ఎవరో అన్నారు, "కోడూరాయనకి గాలిహోరు తప్ప ఇంకేం వినపడదు లెండి." ఈసారి నవ్వు ఇంకా పెద్దది. నేను జానీ వైపు చూశాను. ఆ క్యాసెట్టు నింపింది అతను. అందులో ఏముందో షాపులో అతనొక్కడికే తెలియాలి. జానీ పెన్సిలు పెట్టి ఏదో క్యాసెట్టు చక్రం తిప్పుతున్నాడు. నవ్వలేదు. కాదనీ అనలేదు. తల కూడా ఎత్తలేదు. మా నాన్న సంగతి బందరులో నేను చెప్పింది అతనొక్కడికే. ఆ స్టూలు మీద నుంచి లేచి వచ్చేశాను. మళ్లీ ఆ షాపు మెట్లెక్కలేదు. క్యాసెట్టు ఏమైందో కూడా పట్టించుకోలేదు. అమ్మ దాచిందని ఇప్పుడు తెలిసింది.

ఫోన్ వచ్చిన మర్నాడే గుడివాడ వెళ్లాను. శిరీష ఇంట్లో క్యాసెట్టు వాయించే సాధనమేదీ లేదు. పాట పేరు లేబులు మీద చూసి ఫోనులో వెతికింది. "ఇదిగో మావయ్యా, ఇరవై నాలుగు నిమిషాలు. ఏం పాటయ్యా ఇది, సీరియల్లాగా?" అంటూ పెట్టింది. నలభై ఏళ్ల తర్వాత కూడా ప్రతి మలుపూ నాకు ముందే తెలుస్తోంది. ఇరవై రెండో నిమిషం వచ్చింది. అంతా మీదపడింది. ఆగింది. నేను కుర్చీలోంచి లేచాను.

"ఎక్కడికి మావయ్యా? అవలేదు, ఇంకా గీత మిగిలుంది."

"తెలుసమ్మా. ఆపేయ్."

"ఉండు, ఉండు."

తలుపు దగ్గర నిలబడ్డాను. నా చెయ్యి గడియ మీద ఉందని తర్వాత శిరీష చెప్తే తెలిసింది. పది సెకన్లు ఉంటుందేమో ఆ నిశ్శబ్దం. ఆ తర్వాత హోరు రాలేదు. ఆర్గను మీద ఆ చిన్న బాణీ వచ్చింది, మొదట వచ్చినదే, ఇంకా మెల్లగా. అన్ని భాగాలూ తిరిగి, అన్ని మెట్లూ ఎక్కి దిగి, ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పినట్టు వచ్చింది. నిమిషన్నర ఉండి, సరిగ్గా మొదలైన స్వరం మీదే ఆగింది. శిరీష, "బావుంది కదా! ఏడుస్తున్నావేంటి?" అంది. నేను ఏడవలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

జరిగింది ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. నిశ్శబ్దం రాగానే రికార్డు అయిపోయిందనుకుని సూది ఎత్తేశారు. మిగిలిన టేపులో రెండో ప్లేయరు మీదున్న సైకడెలిక్ రికార్డు పోశారు, అలవాటు ప్రకారం మెల్లగా మీట పెంచుతూ, అతుకు కనపడకుండా. ఆ అతుకే ఆ రెండు సంగీతాలకీ ఉన్న తేడా. నేను నలభై ఏళ్లు దాని మీదే నిలబడి అలాంటిదేదీ లేదని వాదించాను. హోరు రికార్డును ఎక్కడ ఎత్తినా, ఎక్కడ దించినా దానికి పోయేదేం లేదు. ఎనిమిది నిమిషాల సందులో కూడా అది పూర్తిగానే ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లలాంటిది, ఎటు పారుతోందో తెలియదు, ఎంత లోతో తెలియదు. మూడు నిమిషాల్లో చక్కగా ముగిసే సైకడెలిక్ పాటలూ ఉన్నాయని శిరీష వినిపించింది. అవి ముగిసినా బయటికి దారి చూపించవు. ప్రోగ్రెసివ్ పాట మావయ్య కాలవ. ప్రతి తలుపూ ఎందుకు మూశాడో తర్వాతి తలుపు దగ్గర తెలుస్తుంది. ఆఖరి తలుపు తీసేస్తే వెనకున్నదంతా వరదే. అదీ భయపెడుతుంది, కానీ తిరిగొస్తానని మాటిచ్చి భయపెడుతుంది, మాట నిలబెట్టుకుంటుంది. మావయ్యకి తెలిసింది. లెక్చరరు గారికి తెలిసింది. ఇద్దరూ పోయారు. వాళ్లకు చెప్పుకునే అవకాశం లేదు. గొడుగు మాత్రం నేను మర్చిపోలేదు.

పోయిన నెల బందరు వెళ్లాను. జానీ షాపులో ఇప్పుడు ఫోను కవర్లు, చార్జర్లు. నెత్తిన టోపీ, తెల్ల గడ్డం, అదే నవ్వు.

"ఏం కోడూరూ, బతికే ఉన్నావా? కూర్చో బావా, టీ చెప్తా."

క్యాసెట్టు బల్ల మీద పెట్టాను. చూసి, తిరగేసి, తన అక్షరాల మీద బొటనవేలు ఆనించి, "ఇంకా దాచావా!" అన్నాడు. జరిగింది చెప్పాను. చెప్తుంటే నవ్వు పోయింది.

"టేపు ఖాళీగా వదలకూడదు బావా. నీకు తెలుసుగా, మా షాపు పద్ధతి."

"అది కాదు నేనడిగేది. నిశ్శబ్దం తర్వాత ఏముందో నువ్వు ఎప్పుడైనా విన్నావా?"

టీ గ్లాసు నా వైపు జరిపాడు. ఒకమ్మాయి వచ్చి ఫోను అద్దం పగిలిందని చూపించింది. జానీ చటుక్కున లేచి, వంగి, చిన్న మరలు విప్పడం మొదలెట్టాడు. టీ చల్లారింది. "మళ్లీ రా బావా, తీరిగ్గా మాట్లాడదాం" అన్నాడు, తలెత్తకుండానే. ఆ తల ఎత్తకపోవడం నాకు బాగా తెలుసు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉత్తరాల సంగతి మొదటే చెప్పాను.

అక్కణ్నుంచి బస్సెక్కి మా ఊరు కూడా వెళ్లొచ్చాను. రైసుమిల్లు లేదు. వరి తిన్నగా పెరిగిన చోటల్లా రొయ్యల చెరువులు. చెరువుచెరువుకీ నీళ్లలో గాలి కొట్టే యంత్రాలు పగలంతా ఒకే శ్రుతిలో తిరుగుతున్నాయి. ఆ హోరులో అక్కడివాళ్లు అన్నం తింటున్నారు, నవ్వుకుంటున్నారు. ఒకాయన్ని అడిగాను, భయం వేయదా అని. "ఆగితే భయం సార్. కరెంటు పోయి ఇది ఆగిందంటే గంటలో రొయ్యంతా పోద్ది" అన్నాడు. మా అమ్మ ఉంటే ఆయనకు మజ్జిగ ఇచ్చేది. ఒకప్పుడు రేడియోలో తుపాను మాట వింటే వీధంతా ఒకచోట చేరేది. ఇప్పుడు ఎవరి ఫోనుకు వాళ్లకి హెచ్చరిక వస్తుంది, ఎవరి గదిలో వాళ్లు భయపడతారు. ఇది రాస్తుండగా నా ఫోనూ మోగింది. బంగాళాఖాతంలో అల్పపీడనం. కిటికీ బయట కొబ్బరాకు కదలడం లేదు.

జానీ బావా, ఇది నీకే. పుస్తకంలో నా పేరు లేకపోతే పోయింది. ఆ రోజు నవ్విన వాళ్లను కూడా వదిలేస్తాను. ఇరవై రెండో నిమిషం దగ్గర సూది మీద ఉన్న చెయ్యి నీదే. తర్వాత ఆ బాణీ తిరిగొస్తుందని తెలిసి ఎత్తావా? తెలిసే ఎత్తి ఉంటే, వాళ్లంతా నన్ను చూసి నవ్వుతుంటే పెన్సిలు తిప్పుతూ ఎలా కూర్చున్నావో చెప్పు. తెలియక ఎత్తావా? నువ్వూ ఈ సముద్రపు ఒడ్డువాడివే. చప్పుడు ఆగిందంటే పది సెకన్లు ఆగలేక, చేతికందిన హోరేదో తెచ్చి పోసేశావా? అదే అయితే నాకు కోపం లేదు. మా అమ్మా అంతే చేసేది. కానీ ఏదో ఒకటి నీ నోటితో చెప్పాలి. వచ్చే ఆదివారం వస్తాను. షట్టరు సగం దించు, ఫోనులో ఆ పాట పెడతాను, ఇద్దరం విందాం. నిశ్శబ్దం వచ్చినప్పుడు ఎవరొచ్చినా లేవకు. తలెత్తి నా మొహం చూసి జవాబు చెప్పు.